ఇరుసు, కందెన, ట్రైలరు చక్రము

హిందూపురం మార్కెట్టుకు చింతపండు బస్తాలతోనో, ధర్మవరం వైపు వేరుసెనగ మూటలతోనో పోవు ట్రాక్టరు ట్రైలరును మనమందరము చూచుచునే యుందుము. చక్రము నడుమనున్న హబ్బును మాత్రము ఎవరును చూడరు. బరువంతయు దానిమీదనే యున్నది.

పూర్వము ఎద్దులబండి తోలువాడు ఇరుసుకు కందెన వేయనిదే ఊరు కదలెడివాడు కాడు. కీచుమను చప్పుడే వానికి హెచ్చరిక. ట్రైలరు హబ్బు అరచినను ట్రాక్టరు మోతలో వినబడదు. చిక్కంతయు అక్కడనే యున్నది.

హబ్బులో రెండు బేరింగులుండును. వాటిలోని ఉక్కు రోలర్లు ఒక కొన లావుగను, మరియొక కొన సన్నముగను ఉండును. బండ్లు తయారుచేయు హెన్రీ టిమ్కెన్, రెజినాల్డ్ హైంజెల్‌మన్ అనువారు 1898లో అమెరికాలో ఇట్టి బేరింగుకు పేటెంటు పొందిరి. బండి మలుపు తిరుగునపుడు చక్రముపై పక్కపోటు పడును. నిలువు రోలరు పైబరువునే చక్కగా మోయగలదు. ఏటవాలు రోలరు రెంటిని మోయును.

చక్రము చుట్టుకొలత 2.8 మీటర్లనుకొందము. పెనుకొండ నుండి 30 కిలోమీటర్లు పోవుసరికి అది పదివేలకు పైగా చుట్లు తిరుగును. అంతసేపును ఉక్కును ఉక్కు తాకకుండ కాపాడునది, వెంట్రుక మందములో సుమారు నూరవవంతు ఉండు చమురుపొర. గ్రీసులోని సబ్బు స్పంజివలె చమురును పట్టియుంచి, కొద్దికొద్దిగా విడుచును. ఆ పొరకు మన ఎర్రమట్టి ధూళికణము కొండవంటిది!

నీరు అంతకన్న మోసగాడు. ఒకసారి షెడ్డులో విప్పిన హబ్బులో గ్రీసు పాలవలె తెల్లబడి యుండుట చూచితిని. "వేడిమీద బండిని నీళ్లలో దింపినారు సార్, హబ్బు నీళ్లు తాగింది" అనెను మెకానిక్కు. అతడు చెప్పినది భౌతికశాస్త్రమే. వేడెక్కిన హబ్బులోని గాలి చల్లని నీరు తగులగనే కుంచించుకొనును. లోపలి పీడనము తగ్గును. అరిగిన సీలు సందుగుండ నీరు లోనికి పీల్చబడును. కావున దూరము నుండి వచ్చిన ట్రైలరును వెంటనే చెరువులో దింపి కడుగరాదు. నీట మునిగినచో హబ్బు విప్పి చూడవలెను. మునగకున్నను ఏడాదికొకసారి చూచుట మేలు.

విప్పినప్పుడు పాత గ్రీసుపై కొత్తది పూయుట పని కాదు. కిరోసినుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, రోలర్ల సందులలోనికి గ్రీసును అరచేతితో నొక్కి ఎక్కింపవలెను. రోలరు నీలివన్నె తిరిగినను, గుంటలు పడినను బేరింగు మార్చవలసినదే. లోపలి కోనుతోపాటు వెలుపలి కప్పును కూడ మార్చవలెను. వేర్వేరు రకముల గ్రీసులను కలుపరాదు. కొన్ని కలిసినచో పలుచబడి కారిపోవును.

నట్టు బిగించుటలోనే చాలామంది పొరబడుదురు. గట్టిగా బిగించుట భద్రమని తోచును గాని, అట్లు చేసిన రోలర్లు నలిగి కాలిపోవును. చక్రమును తిప్పుచు బిగించి, పిమ్మట కొంచెము వదలి, మిల్లీమీటరులో పదోవంతు మించని ఆటను ఉంచి, కొత్త పిన్ను వేయవలెను. వాడిన పిన్నును మరల వంచి వేయుట ఎంతమాత్రము తగదు. అది విరిగిన నట్టు ఊడును, నట్టు వెంట చక్రము ఊడును.

బయలుదేరిన పది కిలోమీటర్లకు ఒకసారి ఆగి, హబ్బుల దగ్గరకు చేతి వీపును మెల్లగా చేర్చి చూడుడు. బ్రేకులు లేని ట్రైలరులో ఒకటి గోరువెచ్చగను, రెండవది తాకరానంత వేడిగను ఉన్నచో, బరువును అక్కడనే దింపుకొనుడు.