ఇల్లు మారిన మాయాయంత్రము

స్వర్ణముఖీ తీరమున వెలసిన శ్రీకాళహస్తి క్షేత్రమునకు ఆ పేరు మూడు ప్రాణుల వలన వచ్చినదని స్థలపురాణము చెప్పుచున్నది. శ్రీ యనగా సాలెపురుగు, కాళ మనగా పాము, హస్తి యనగా ఏనుగు. పాము మణులు తెచ్చి లింగమును అలంకరించును. ఏనుగు వచ్చి, ఇది యెవరో చేసిన అపచారమని తలచి, మణులను తొలగించి, నీటితో కడిగి, బిల్వదళములు పెట్టును. మరునాడు పాము ఆ దళములను త్రోసివేసి మరల మణులు ఉంచును. రెండును భక్తి గలవే. రెండింటి పూజయు నిర్మలమే. ఒకదాని మర్యాద మరియొకదానికి తెలియకపోవుటయే కలహమునకు మూలము. తుదకు పాము తొండములో దూరగా రెండును ప్రాణములు విడిచి శివసాయుజ్యము పొందినవి.

కంప్యూటరు లోకమునందును ఇట్టి చిక్కే కలదు. ఆపరేటింగ్ సిస్టం అనునది యంత్రమునకు అధిపతి. మెమొరీని, డిస్కును, ప్రాసెసరు కాలమును పంచిపెట్టునది అదియే. ఇద్దరు అధిపతులను ఒకే యంత్రముపై ఒకేసారి కూర్చుండబెట్టినచో ఏనుగు, పాముల గతియే పట్టును. కావున ఒక మధ్యవర్తి కావలసివచ్చెను. వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్ ఆ మధ్యవర్తి. అది అసలు యంత్రములో కొంత భాగము చూపి, ‘ఇదియే నీ యంత్రము’ అని అతిథిగా వచ్చిన ఆపరేటింగ్ సిస్టంను నమ్మించును. ఈ మాయ నేటిది కాదు. 1960లలోనే ఐబీఎం సంస్థ పెద్ద యంత్రములపై దీనిని సాధించినది. 2005, 2006 సంవత్సరములలో ఇంటెల్, ఏఎండీ సంస్థలు తమ ప్రాసెసర్లలోనే ఇందుకు తోడ్పాటు కల్పించిన పిదప ఇది మరింత సుకరమైనది.

అతిథికి ఇల్లు చూపు ఈ మధ్యవర్తియే ఒక్కొక్కప్పుడు తాను ఇల్లు మారవలసివచ్చును. అప్పుడు గాని దాని స్వభావము బయటపడదు. కేవీఎం కథ ఇందుకు నిదర్శనము. ఇజ్రాయెల్‌కు చెందిన కుమ్రానెట్ సంస్థలో ఆవి కివిటీ దీనిని ఆరంభింపగా, 2007లో వెలువడిన లినక్స్ కెర్నెల్‌లో ఇది చేరినది. 2011లో అమెరికాలోని జోయెంట్ సంస్థకు చెందిన బ్రయాన్ కాంట్రిల్ మున్నగువారు దీనిని ఇల్యూమోస్ అను వేరొక ఆపరేటింగ్ సిస్టంకు తరలించిరి. సోలారిస్ వంశమునకు చెందిన ఇల్యూమోస్ 2010లో అవతరించినది.

కేవీఎం లినక్స్ ఇంటి బిడ్డ. మెమొరీ పంపిణీ, పనుల వరుస నిర్ణయించుట వంటి బరువులను తాను మోయక పుట్టింటికే వదలివేయును. పుట్టినింట చీకటిలోనైనను ఉప్పుకుండ చేతికి అందును. మెట్టినింట పట్టపగలే వెదకవలసివచ్చును. లినక్స్‌లో అడిగినంతనే దొరకు సేవలకు ఇల్యూమోస్‌లో పేర్లు వేరు, పద్ధతులు వేరు. కొన్ని సేవలు అసలే లేవు. కావున తరలించువాడు పంక్తి పంక్తికి ఒక ప్రశ్న వేసికొనవలెను: ఇది ఈ పనికి ప్రాణమా, లేక పుట్టింటి ఆచారము మాత్రమేనా?

జోయెంట్‌వారు ఈ ప్రశ్నకు ధైర్యముగా జవాబు చెప్పుకొనిరి. తొలుత ఇంటెల్ ప్రాసెసర్లకే, అందును మెమొరీ పట్టికల నిర్వహణకు తోడ్పడు కొత్త రకములకే పరిమితమైరి. ఉన్నదానికంటె ఎక్కువ మెమొరీని అతిథులకు వాగ్దానము చేయు అలవాటును విడిచి, ఇచ్చినదానిని ముందుగనే పూర్తిగా కేటాయించిరి. కొంత పోయినది, కొంత వచ్చినది. వ్యవస్థ నడకను నడుచుచుండగనే పరిశీలింపగల డీట్రేస్ అను సాధనము కొత్త ఇంటి సారెగా కేవీఎంకు లభించినది. తరువాతి కాలమున ఫ్రీబీఎస్‌డీలో పుట్టిన బీహైవ్ అను మరియొక మధ్యవర్తియు ఇట్లే ఇల్యూమోస్‌కు వచ్చినది; 2015లో ఎక్స్‌హైవ్ అను పేర ఆపిల్ వారి మ్యాక్‌కును చేరినది. మూలపాఠము బహిరంగముగా ఉండుట చేతనే ఈ రాకపోకలు సాధ్యమైనవి.

అయితే ఇల్లు మారుట వేరు, భాష మారుట వేరు. ప్రాసెసరే మారినచో అతిథి పలుకు ప్రతి ఆదేశమును అనువదింపవలెను. 2020లో ఆపిల్ సంస్థ ఇంటెల్‌ను విడిచి తన సొంత ప్రాసెసర్లకు మారినప్పుడు ఇదియే జరిగినది. 2003లో ఫాబ్రీస్ బెలార్డ్ ఆరంభించిన క్యూఈఎంయూ వంటివి ఈ అనువాదము చేయును; కాని వేగము తగ్గును.

ఇది ఇంజనీర్ల గొడవ, తెలుగు పాఠకునకేల యనవచ్చును. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే స్థానము దొరికినను, మన ముద్రణాలయములు అటుపిమ్మట చాలకాలము సొంత సంకేతములు గల ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో పుస్తకములు కూర్చినవి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 2001 నాటిది. కవుల సంపుటములు, సిద్ధాంత వ్యాసములు, యాత్రాస్థలములలో అమ్ము మాహాత్మ్య పుస్తకములు ఎన్నియో ఆ ఫైళ్లలోనే మిగిలి యున్నవి. ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేర్, ఆ పాత విండోస్ మూడును కలసినగాని అవి కూర్చినవాడు కూర్చినట్లు తెరచుకొనవు. పాత కంప్యూటర్లు ఒక్కొక్కటిగా పాడైపోవుచున్నవి. పాత విండోస్‌ను కొత్త యంత్రములో అతిథిగా నిలుపుట ఆ అక్షరములను కాపాడు దారులలో ఒకటి. కొత్త ఆపరేటింగ్ సిస్టం వచ్చిన ప్రతిసారి ఎవరో ఒకరు మధ్యవర్తిని అక్కడికి చేర్చినగాని ఆ అతిథికి ఆయువు లేదు.

శ్రీకాళహస్తి కథను ధూర్జటి పదునారవ శతాబ్దమున ప్రబంధముగా రచించెను. ఆకు శిథిలము కాకమునుపే మరియొక ఆకుపైకి ఎత్తి వ్రాసిన లేఖకులు లేనిచో ఆ పద్యములు అచ్చుయంత్రము వరకు వచ్చెడివి కావు. లేఖకుడు కవి కాడు. కాని అతడు లేనిచో కవి మనకు దక్కడు. మాయాయంత్రమును ఇల్లు మార్చువాని పనియు అట్టిదే.