శిక్షకు ఆఖరి తేదీ ఎప్పుడు?

అమెరికాలో సాధారణంగా ఏడాదికి మించి జైలుశిక్ష పడగల నేరాన్ని ఫెలనీ అంటారు. హత్యలు, దోపిడీలు మాత్రమే ఈ కోవలోకి వస్తాయనుకుంటే పొరపాటు. ఒక విలువ దాటిన దొంగతనం, కొంత మోతాదు మించిన మాదకద్రవ్యం జేబులో దొరకడం, పదేపదే తాగి బండి నడపడం కూడా చాలా రాష్ట్రాల్లో ఫెలనీలే. జైలు గడప తొక్కకుండా ప్రొబేషన్‌తో బయటపడ్డవారి మీదా ఆ ముద్ర ఉంటుంది. 2010 నాటికి ఆ దేశంలోని వయోజనుల్లో సుమారు 8 శాతం మందికి, అంటే దాదాపు 1.9 కోట్ల మందికి, ఫెలనీ శిక్ష పడి ఉందని పరిశోధకులు అంచనా కట్టారు. నల్లజాతి మగవారిలో ఇది మూడింట ఒక వంతు.

కోర్టు వేసిన శిక్షకు గడువుంటుంది. అది తీరాక జైలు గేటు తెరుస్తారు. కానీ ఉద్యోగాల దగ్గర, అద్దె ఇళ్ల దగ్గర, వృత్తి లైసెన్సుల దగ్గర ఎదురయ్యే నిరాకరణకు గడువంటూ లేదు. జీవితాంతం పని దొరక్కూడదని ఏ జడ్జీ తీర్పు రాయలేదు. ఆచరణలో మాత్రం ఎందరికో అదే అమలవుతోంది. దీన్ని సరిదిద్దడానికి అక్కడ జరుగుతున్న ప్రయత్నాల్లో ఏవి ఫలించాయి, ఏవి ఎదురుతిరిగాయి అన్నది ఓపిగ్గా చూడదగ్గ విషయం.

మొదటి వారం

కాలిఫోర్నియా జైళ్ల నుంచి విడుదలయ్యేవారి చేతిలో 200 డాలర్లు పెట్టి పంపడం ఆనవాయితీ. ఆ మొత్తాన్ని ఖరారు చేసింది 1973లో. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా దశాబ్దాల తరబడి అది అలాగే ఉండిపోయింది. బట్టలకూ బస్సు టికెట్టుకూ అందులోంచే కోత పడవచ్చు. మిగిలినదానితో తిండి, పడక, ఫోను చూసుకోవాలి.

లోపలున్న కాలంలో డ్రైవింగ్ లైసెన్సు గడువు తీరిపోయి ఉంటుంది. గుర్తింపు కార్డు లేనిదే ఉద్యోగంలో చేర్చుకోరు, బ్యాంకులో ఖాతా తెరవరు. కార్డు కావాలంటే చిరునామా చూపాలి. చిరునామా కావాలంటే అద్దె కట్టాలి. అద్దె కట్టాలంటే ఉద్యోగం ఉండాలి. పెరోల్ మీద ఉన్నవారు అధికారి పిలిచినప్పుడు వెళ్లి కనిపించాలి, అది డ్యూటీ వేళైనా సరే. తమాషా ఏమిటంటే, ఉద్యోగం వెతుక్కోవడం చాలామందికి పెరోల్ షరతుల్లోనే ఒకటి.

దరఖాస్తులో ఒక గడి

ఇన్నీ దాటుకుని దరఖాస్తు చేతిలోకి తీసుకుంటే అందులో ఒక ప్రశ్న ఉంటుంది: మీకు ఎప్పుడైనా ఫెలనీ శిక్ష పడిందా? అవును, కాదు అని రెండు గడులు. ఏ గడిలో టిక్కు పెట్టాలన్నదే అసలు చిక్కు. నిజం రాస్తే పిలుపు రాదు. అబద్ధం రాస్తే ఎప్పుడో ఒకప్పుడు బయటపడి ఉద్యోగం ఊడుతుంది.

ఈ గడి ఎంత నష్టం చేస్తుందో కొలిచి చూపించిన సామాజికశాస్త్రవేత్త డెవా పేజర్. మిల్వాకీ నగరంలో ఆమె నలుగురు యువకులను ఎంచుకున్నారు. ఇద్దరు తెల్లవారు ఒక జట్టు, ఇద్దరు నల్లవారు మరో జట్టు. ఒక జట్టులోని ఇద్దరికీ చదువు, అనుభవం, మాటతీరు ఒకేలా ఉండేటట్టు చూశారు. తేడా ఒక్కటే. ఒకరు మాదకద్రవ్యాల కేసులో 18 నెలలు జైల్లో ఉన్నట్టు దరఖాస్తులో చెప్పాలి. ఆ పాత్ర ఎప్పుడూ ఒకరిదే కాకుండా వంతులవారీగా మార్చారు. మొత్తం 350 చోట్ల చిన్న ఉద్యోగాలకు వాళ్లు దరఖాస్తు చేశారు.

2003లో వెలువడిన ఫలితాలు ఇవీ. జైలు చరిత్ర లేని తెల్ల యువకుణ్ని 34 శాతం చోట్ల తిరిగి పిలిచారు, ఉన్నవాణ్ని 17 శాతం చోట్ల. నల్ల యువకుల్లో చరిత్ర లేనివాడికి 14 శాతం, ఉన్నవాడికి 5 శాతం. జైలు పేరు వినగానే తెల్లవాడి అవకాశం సగానికి పడిపోయింది, నల్లవాడిది దాదాపు మూడో వంతుకు కుంచించుకుపోయింది. అంతకన్నా కలవరపెట్టేది ఇంకొకటుంది. ఏ నేరమూ చేయని నల్ల యువకుడి కన్నా జైలుకెళ్లొచ్చిన తెల్ల యువకుడికే కాస్త ఎక్కువ పిలుపులొచ్చాయి.

గడి తీసేస్తే సరిపోతుందా?

దీనికి విరుగుడుగా వచ్చిందే 'బ్యాన్ ద బాక్స్' విధానం. 1998లో హవాయి రాష్ట్రం ముందు నడిచింది. నేరచరిత్రను అడగొద్దని ఈ చట్టాలు అనవు, మొదటే అడగొద్దంటాయి. ముందు మనిషినీ అతని పనితనాన్నీ చూడాలి, ఉద్యోగం ఇస్తామని షరతుతో మాటిచ్చాకే చరిత్ర తిరగేయాలి. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాలకు, కాంట్రాక్టర్లకు ఇదే పద్ధతి పెడుతూ 2019లో చట్టం చేశారు. అది 2021 డిసెంబరు నుంచి అమలైంది. కాలిఫోర్నియాలో 2018 నుంచి, ఐదుగురు అంతకు మించి పనివారున్న ప్రైవేటు యజమానులకూ ఇది వర్తిస్తోంది. చరిత్ర చూసి వద్దనుకుంటే ఆ మాట రాతపూర్వకంగా చెప్పాలి, జవాబిచ్చుకోవడానికి కనీసం ఐదు పనిదినాలు ఇవ్వాలి.

మేలు జరిగింది, ఒక కీడూ జరిగింది. అమాండా ఏగన్, సోన్యా స్టార్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరంలో సుమారు 15,000 కల్పిత దరఖాస్తులు పంపి పరీక్షించారు. గడి ఉన్న రోజుల్లో ఆ కంపెనీలు నల్లవారి కన్నా తెల్లవారిని 7 శాతం ఎక్కువగా పిలిచాయి. గడి పోయాక ఆ తేడా 43 శాతానికి ఎగబాకింది. సమాచారం లేనిచోట కొందరు యజమానులు రంగు చూసి నేరాన్ని ఊహించుకున్నారన్నమాట. ప్రశ్నను వాయిదా వేసినంత మాత్రాన అనుమానం పోదు. అందుకే వివక్షపై నిఘా కూడా జతగా ఉండాలి.

కాలం చెప్పే సాక్ష్యం

యజమానుల భయాన్ని కొట్టిపారేయలేం. మళ్లీ నేరం చేస్తే? ఈ ప్రశ్నకు ఆల్‌ఫ్రెడ్ బ్లమ్‌స్టీన్, కిమినోరి నకమూరా 2009లో జవాబు వెతికారు. 1980లో న్యూయార్క్ రాష్ట్రంలో తొలిసారి అరెస్టయినవారి రికార్డులు పట్టుకుని చూశారు. పద్దెనిమిదో ఏట దోపిడీ కేసులో అరెస్టయిన యువకుడు ఆ తర్వాత ఏ కేసూ లేకుండా 7.7 ఏళ్లు గడిపితే, అతను మళ్లీ అరెస్టయ్యే అవకాశం అదే వయసు సాధారణ జనంతో సమానమైపోయింది. ఇళ్లలో చొరబడి దొంగతనం చేసినవారి విషయంలో 3.8 ఏళ్లే పట్టింది. పాత కేసు కలకాలం ఒకే హెచ్చరికను ఇవ్వదని తేలింది. పదిహేనేళ్ల నాటి తప్పు చూసి ఈ రోజు తలుపు వేసేవారు లేని ప్రమాదానికి భయపడుతున్నారు.

ఈ భయాన్ని పక్కనపెట్టి ఇంకాస్త ముందుకెళ్లిన సంస్థ న్యూయార్క్ రాష్ట్రం యాంకర్స్‌లోని గ్రేస్టన్ బేకరీ. జెన్ గురువు బెర్నీ గ్లాస్‌మన్ 1982లో మొదలుపెట్టిన ఈ బేకరీ, బెన్ అండ్ జెర్రీస్ ఐస్‌క్రీముకు బ్రౌనీలు చేసిస్తుంది. అక్కడ బయోడేటా అడగరు, ఇంటర్వ్యూ ఉండదు. పేరు రాసి వెళ్లాలి. ఖాళీ వచ్చినప్పుడు జాబితాలో ముందున్న పేరును పిలుస్తారు, శిక్షణలో పెడతారు. ఆ పైన పనితనమే మాట్లాడాలి.

రికార్డు మూతపడే దారి

ముద్రను తొలగించే దారి కూడా ఉంది. చాలా రాష్ట్రాల్లో కొన్నేళ్ల సత్ప్రవర్తన తర్వాత కొన్ని రకాల కేసుల రికార్డును మూసివేయమని కోర్టును కోరవచ్చు. మిషిగన్‌లో ఈ సౌకర్యం పొందినవారి జీతాలు ఏడాదిలోనే 22 శాతానికి పైగా పెరిగాయని జె.జె. ప్రెస్కాట్, సోన్యా స్టార్ అధ్యయనంలో తేలింది. కానీ అర్హత వచ్చిన ఐదేళ్లలో దాన్ని అందుకున్నవారు 6.5 శాతమే. వేలిముద్రలు, ఫారాలు, ఫీజులు, విచారణ తేదీలు ఒకెత్తు. అసలు ఇలాంటిదొకటి ఉందని తెలియకపోవడం ఇంకో ఎత్తు.

ఆ అనుభవంతోనే 'క్లీన్ స్లేట్' చట్టాలు వచ్చాయి. అడగనక్కర్లేదు, గడువు తీరగానే కంప్యూటరే అర్హమైన రికార్డును మూసేస్తుంది. 2018లో పెన్సిల్వేనియా దీనికి శ్రీకారం చుట్టింది. మిషిగన్ 2020లో చట్టం చేసి 2023 ఏప్రిల్ నుంచి అమలు మొదలుపెట్టింది. అక్కడ పదేళ్లు గడిస్తే రెండు ఫెలనీల దాకా వాటంతటవే తొలగుతాయి. తీవ్రమైన నేరాలకు మాత్రం ఇది వర్తించదు.

ఉద్యోగం వెతుక్కునేవారు చేయదగ్గ పనులు కొన్నున్నాయి. ముందు తమ రికార్డు ప్రతిని తామే తెప్పించుకుని చదువుకోవాలి. కొట్టేసిన కేసులు, అదే పేరున్న వేరే మనిషి కేసులు అందులో దొర్లుతుంటాయి. బయటి ఏజెన్సీ ఇచ్చిన నివేదిక ఆధారంగా కాదనబోతే, ముందుగా దాని ప్రతి ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని బాధ్యత. నమ్మకం కుదరని యజమానికి ఫెడరల్ బాండింగ్ పథకం గురించి చెప్పవచ్చు. 1966 నుంచి నడుస్తున్న ఈ పథకం, కొత్తగా చేరిన ఉద్యోగి దొంగతనంలాంటి పని చేసి నష్టం కలిగిస్తే సాధారణంగా 5,000 డాలర్ల దాకా మొదటి ఆరు నెలలు పూచీ ఉంటుంది. యజమానికీ ఉద్యోగికీ పైసా ఖర్చుండదు.

అమెరికాలో ఉంటున్న మన తెలుగు పిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. పౌరసత్వం లేనివారికి, గ్రీన్ కార్డు ఉన్నా సరే, కొన్ని నేరాల్లో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయవచ్చు. దొంగతనం కేసులో ఏడాది శిక్ష వేసి దాన్ని నిలిపివేసినా, వలస చట్టం ఆ ఏడాదినీ లెక్కలోకి తీసుకుంటుంది. రాష్ట్ర కోర్టు రికార్డు మూసినా వలస అధికారుల ముందు సాధారణంగా అది చెల్లదు. నేరం ఒప్పుకుంటే దేశం విడిచిపోవాల్సి రావచ్చని లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి తొందరగా బయటపడదామని ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు వలస చట్టం తెలిసిన లాయరును కలిసి తీరాలి.

ఇంత చేయడం నేరం చేసినవాడి మీద జాలితోనేనా అని కొందరు అడుగుతారు. బాధితుల పక్షాన నిలబడి చూసినా జవాబు మారదు. కోర్టు విధించిన పరిహారం బాధితుడికి ముట్టాలంటే అది ఆ మనిషి జీతంలోంచే రావాలి. పిల్లల పోషణ ఖర్చూ అందులోంచే. పని దొరకనివ్వకుండా అప్పు తీర్చమనడం కుదరని పని. ఏం చేశాడన్నది అడగాల్సిందే. దానితోపాటు ఎప్పుడు చేశాడు, ఈ పనికీ ఆ తప్పుకీ సంబంధమేమిటి, ఆ తర్వాత ఎలా బతికాడు అన్న ప్రశ్నలూ అడగాలి. ఈ మూడు జవాబులూ విన్నాకే అవునో కాదో చెప్పడమే యజమాని పాటించాల్సిన న్యాయం. చట్టం తన వంతుగా శిక్షకు ఆఖరి తేదీ రాసి, ఆ తేదీకి కట్టుబడాలి.