కథలాటకు కాసు ఖర్చు లేని బొమ్మలు



నేడు పట్టణములలో బాలబాలికలును యువకులును బల్లచుట్టు కూర్చుండి ఆడు ఆట యొకటి గలదు. దానిని మనము కథలాట యని పిలుచుకొందము. అందొకడు సూత్రధారుడు, తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. "మీరు కోటవాకిటికి వచ్చితిరి, తలుపు మూసియున్నది, ఏమి చేయుదురు?" అని సూత్రధారుడు అడుగును. వారు తమ పాత్రకు తగిన ఉపాయము చెప్పుదురు. ఫలము సందేహముగా నున్నచో పాచిక వేసి నిర్ణయింతురు. ఇందు గెలుపోటములకంటె కథ నడచుట ముఖ్యము.

ఈ ఆట అమెరికాలో 1974వ సంవత్సరమున గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను పేర ప్రకటించిన నియమావళితో వ్యాపించెను. అంతకు పూర్వము 1913లోనే ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ బొమ్మసిపాయిలతో యుద్ధక్రీడ సాగించు విధమును "లిటిల్ వార్స్" అను గ్రంథమున వివరించియుండెను. అట్టి యుద్ధక్రీడల నుండియే కథలాట పుట్టినది గనుక బొమ్మలును దాని వెంట వచ్చినవి. వీరుడెచట నున్నాడో, శత్రువెంత దూరమున నున్నాడో తెలియుటకు బల్లపై అంగుళమునకు కొంచెము మించిన ప్రతిమలను నిలుపుదురు. గడి యొక్కొక్కటి అంగుళము. అది అయిదడుగుల నేలకు గుర్తు.

ఇచట నొక చిక్కు గలదు. ఆ ప్రతిమలను వెలపెట్టి కొనవలయును. వానికి పూయు రంగుల ఖర్చు వేరు. కొనగలవాని బిడ్డ ఆడును. కొనలేనివాని బిడ్డ చూచుచు నిలుచును. ఆటయందీ భేదము పుట్టనక్కర లేదు. 1974 నాటి నియమములే ప్రతిమలు అందమునకే గాని అవశ్యములు గావని చెప్పినవి. గైగాక్స్ తానే అంగడిలో చౌకగా దొరకు ప్లాస్టిక్ బొమ్మలను తెచ్చి బల్లపై నిలిపెను. వానిలో నొక వింత ఆకారమును చూచియే, ఇనుమును తుప్పు పట్టించి తిను "రస్ట్ మాన్‌స్టర్" అను మృగమును కల్పించెను.

మనకీ సంగతి క్రొత్త గాదు. పులిజూదమున మూడు పులులు, పదునైదు మేకలు. రచ్చబండపై గీతలు గీసి, గులకరాళ్లు పులులనియు చింతపిక్కలు మేకలనియు ఒప్పుకొని ఆడితిమి. ఏ పిక్కకును కొమ్ములు లేవు. అయినను మేక చిక్కినపుడు చూచువారెల్ల అయ్యో యనుచుండిరి. పావునకు రెండు గుణములు చాలును: చూడగనే అది యెవరిదో తెలియవలెను, నిలిపినచోట నిలువవలెను.

కావున మన అద్దంకి ప్రాంతమున దొరకు వస్తువులతోనే పిల్లలచేత ఇట్లు చేయింపుడు. మొదటిది చింతపిక్క. అంగుళపు గడిలో చక్కగా ఇముడును. పాత్రకొక రంగు చుక్క పెట్టిన చాలును. రెండవది పాత శుభలేఖ. మూడంగుళముల పొడవు, అంగుళపు వెడల్పు గల ముక్కను కోసి, నడుమ మడిచి గుడారమువలె నిలిపి, ఇరుప్రక్కల వీరుని రూపము గీయవలెను. మూడవది జొన్నబెండు. మనము చిన్ననాడు బెండుముక్కలకు పుల్లలు గ్రుచ్చి ఎడ్లబండ్లు చేసితిమి గదా. ఆ నేర్పుతోనే గుఱ్ఱమును, బురుజును చేయవచ్చును. అతుకుటకు చింతపిక్కల పిండి ఉడికించిన జిగురు చాలును. కొండపల్లి బొమ్మలవారును తెల్లపొణికి కొయ్యముక్కలను చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతోనే అతుకుదురు. నాలుగవది చెరువుమట్టి, నీడలో మెల్లగా ఆర్చినచో పగుళ్లు తక్కువ.

ఒక హెచ్చరిక. గురివింద గింజలును ఆముదపు గింజలును విషము గలవి. విత్తనమునకై అమ్ము పత్తిగింజలకు మందు పట్టించియుందురు. వీనిని పసివారి చేతికి ఈయరాదు.

పాచిక లేనిచో నాలుగు చింతపిక్కలను ఒకవైపు తెల్లబడునట్లు రాతిపై అరగదీయుడు. ఇరువైపులును సమముగా పడునని యెంచినచో, నాలుగును కలిసి పదునాఱు విధములుగా పడును. అందు రెండుగాని అంతకు మించిగాని తెలుపులు వచ్చు విధములు పదునొకండు. మూడుగాని నాలుగుగాని వచ్చునవి అయిదే. సులభమైన పనికి రెండు తెలుపులు, కష్టమైన పనికి మూడు తెలుపులు కోరవలెను.

ఇక కథ. మన ఊరి పేర ప్రసిద్ధమైన అద్దంకి శాసనము క్రీ.శ. 848 నాటిది, అందు తరువోజ పద్యము గలదు. తూర్పు చాళుక్యరాజగు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పండ్రెండు బోయకొట్టములను గైకొనెననియు, కందుకూరును బెజవాడవలె చేసెననియు అది చెప్పుచున్నది. పండ్రెండు పెంకుముక్కలను పండ్రెండు కొట్టములుగా అరుగుపై పేర్చుడు. సగము పిల్లలను సేనాని పక్షమునను, సగము పిల్లలను కొట్టములవారి పక్షమునను నిలుపుడు. శాసనము గెలిచినవారి మాట. ఓడినవారు తమ ఊరిని నిలుపుకొనుటకు ఏమి యోచించిరో పిల్లలే ఆలోచింతురు. చరిత్ర చదువుటకు ఇంతకంటె మంచి ప్రవేశము లేదు.

బొమ్మలు ఇంటనే దొరకినవి. సూత్రధారుడు మాత్రము అంగడిలో దొరకడు. పల్నాటి కథలు, కోటల కథలు, కరవుల కథలు మీ కంఠములందున్నవి. మీతో అవి పోయినచో మరల కొనితెచ్చుటకు వీలులేదు. పిల్లలు చెంతకు రారని వగచుట మాని, ఈ సెలవులలో అరుగుపై గీతలు గీసి, గుప్పెడు చింతపిక్కలు పోసి, వారిని పిలువుడు. ఏ బిడ్డయు చూచుచు నిలువకుండ అందఱికిని తలకొక పిక్క నిండు.