తెగిన తీగ మంచుకన్నా చల్లన

విద్యానగర్‌లో సాయంత్రం పూట కుర్రాళ్లకు ఏసీ పని నేర్పుతుంటాను. ఎండాకాలం బ్యాచ్‌లో ఒకరోజు బోర్డు మీద ఎర్రర్ కోడ్‌ల పట్టిక రాస్తుంటే వెనక బెంచీలోంచి ప్రశ్న వచ్చింది. "సార్, మిషన్‌కి తన రోగం తనకెట్ల తెలుస్తది?"

చాక్‌పీసు పక్కన పెట్టేశాను. కోడ్‌లు పుస్తకంలో ఉంటాయి, ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా పట్టిక బట్టీ పట్టినవాడు మాత్రం జీవితాంతం విడిభాగాలు మార్చుకుంటూనే ఉంటాడు.

డబ్బాలోంచి ఒక థర్మిస్టర్ తీశాను. మిరియపు గింజంత ముక్క, దానికి రెండు సన్నని తీగలు. మనవాళ్లు సెన్సర్ అనేది దీన్నే. మల్టీమీటర్‌కు తగిలిస్తే 16 వేల ఓములు చూపించింది. అప్పుడు గదిలో 30 డిగ్రీలుంది. ఆ కుర్రాడినే పిలిచి గింజను పిడికిట్లో పట్టుకోమన్నాను. అంకెలు దిగడం మొదలైంది. అర నిమిషంలో 14 వేల కిందికి వచ్చింది. తర్వాత ఐసు ముక్కలు వేసిన గ్లాసులో ముంచితే పరుగున ఎక్కి 65 వేల దగ్గర ఆగింది. క్లాసంతా మీటరు మీదికి వంగింది.

రాగి తీగైతే వేడెక్కే కొద్దీ కరెంటును కొంచెం ఎక్కువగా అడ్డుకుంటుంది. ఈ గింజది దానికి పూర్తిగా ఎదురు స్వభావం: వేడెక్కితే దారి విడుస్తుంది, చల్లబడితే బిగుసుకుంటుంది. సిల్వర్ సల్ఫైడ్‌లో ఈ గుణాన్ని 1833లో గమనించినవాడు మైకేల్ ఫారడే. దాన్ని పనికొచ్చే పరికరంగా మార్చడానికి దాదాపు మరో వందేళ్లు పట్టింది. 1930లో శామ్యూల్ రూబెన్ ఆ పని చేశాడు.

నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇప్పుడు వస్తుంది. ఏసీలోని సర్క్యూట్ బోర్డుకు ఓములు కొలవడం రాదు, వోల్టులే తెలుసు. అందుకని చాలా బోర్డుల్లో విలువ మారని ఒక రెసిస్టర్‌ను ఈ గింజతో వరసగా కలిపి, రెండింటికీ కలిపి 5 వోల్టులిస్తారు. ఇద్దరూ ఆ 5 వోల్టులను పంచుకుంటారు. గింజ వాటా ఎంతో చూస్తే చలి ఎంతో తెలిసిపోతుంది. చలి పెరిగితే వాటా పెరుగుతుంది, వేడి పెరిగితే తగ్గుతుంది. మరి తీగ తెగిపోతే? అడ్డుకు అంతు ఉండదు, 5 వోల్టులూ గింజ వైపే చేరతాయి. అంటే తెగిన తీగ బోర్డు కంటికి అంతులేని చలి. తీగలు రెండూ ఒకదానికొకటి తగిలి షార్టయితే అంతులేని వేడి. మే నెలలో అశోక్‌నగర్‌లో ఏ గదీ ధ్రువప్రాంతమంత చల్లగా ఉండదని ప్రోగ్రాం రాసినవాడికి తెలుసు. ఆ హద్దు దాటిన అంకె కనబడగానే బోర్డు దాన్ని చలిగా లెక్కవేయడం మాని, కోడ్ వేస్తుంది.

అదే అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలతో కిటకిటలాడే ఒక రీడింగ్ హాల్‌కు వెళ్లాను. మేడ మీద ఒక అవుట్‌డోర్ యూనిట్, కింద సీలింగ్‌లో బిగించిన ఎనిమిది ఇండోర్ యూనిట్లు, అంటే క్యాసెట్లు. మూడో అంతస్తులోని క్యాసెట్ సెన్సర్ కోడ్ చూపించి ఆగిపోయింది. "రెండుసార్లు కొత్త సెన్సర్ ఏసిండ్రన్నా, మళ్లీ అదే," అన్నాడు హాల్ నడిపే తమ్ముడు. సెన్సర్ ఊడదీసి కొలిస్తే నిక్షేపంగా ఉంది. బోర్డు సాకెట్ వైపు నుంచి కొలిస్తే దారే లేదు. టార్చి వేసి చూశాను. సాకెట్‌లో ఒక పిన్నుకు తడి తగిలి పచ్చగా చిలుము పట్టి ఉంది. పిన్ను మార్చాక కోడ్ మాయమైంది. బోర్డు మొదటినుంచీ నిజమే చెప్పింది, ఈ సాకెట్ దగ్గర దారి తెగిందని. దాన్ని సెన్సర్ పోయిందని చదువుకున్నది మనుషులు.

బోర్డు పట్టుకోలేని తప్పు కూడా ఒకటుంది. పైపుకు అంటుకుని ఉండాల్సిన సెన్సర్ క్లిప్పులోంచి జారి గాలిలో వేలాడితే, అది చెప్పే అంకె నమ్మదగ్గట్టే ఉంటుంది. ఏ హద్దూ దాటదు. సెన్సర్ కోడ్ రాదు. మిషన్ మాత్రం ఆ తప్పుడు లెక్కతో వాల్వులు తిప్పి తిప్పి, చివరికి ఇంకెక్కడో ఇంకో కోడ్‌తో ఆగుతుంది. ఇలాంటివాటికి చేత్తో తడిమి చూడడమే మందు.

ఒకే అవుట్‌డోర్‌తో ఎన్నో గదులను నడిపే ఈ పద్ధతిని 1982లో జపాన్‌లో డైకిన్ సంస్థ వీఆర్‌వీ పేరుతో తెచ్చింది. ఆ పేరు వాళ్ల ట్రేడ్‌మార్కు కనుక మిగతావాళ్లు వీఆర్ఎఫ్ అంటారు. అవుట్‌డోర్ రెండే తీగల మీద ప్రతి ఇండోర్‌తోనూ మాట్లాడుతుంది. జవాబు రాకపోతే డైకిన్‌లో యూ4, మిత్సుబిషి ఎలక్ట్రిక్‌లో 6607, ఎల్‌జీలో సీహెచ్05. ఎవరి భాష వాళ్లది, ఫిర్యాదు మాత్రం ఒక్కటే.

డైకిన్‌లో యూఎఫ్ అని ఇంకో కోడ్ ఉంది, అదంటే నాకు ముచ్చట. రెండు అవుట్‌డోర్‌లున్న భవనంలో ఒక ఇండోర్‌కు గ్యాస్ పైపు ఒకదాని నుంచి, మాట తీగ రెండోదాని నుంచి వేశారనుకోండి. పరీక్షగా నడిపినప్పుడు వాల్వు తెరుచుకుంటుంది, పైపు మాత్రం చల్లబడదు. ఆ గోడల వెనక జరిగిన తారుమారును పట్టిచ్చేది మళ్లీ ఆ మిరియపు గింజే.

వీఆర్‌వీ వచ్చిన తర్వాతి కథ వేగంగా నడిచింది. గ్యాసులు మారాయి, బోర్డులు ఫోన్‌తో మాట్లాడుతున్నాయి, 2023లో డైకిన్ ఫ్యాక్టరీ మన శ్రీసిటీకే వచ్చింది. గింజ మాత్రం మారలేదు.

మీ ఆఫీసులోనో హాల్‌లోనో కోడ్ వెలిగితే వెంటనే ఎంసీబీ దించి ఎత్తకండి. ముందు రిమోట్ తెరను ఫోటో తీయండి, కోడ్‌తోపాటు యూనిట్ నంబరు కూడా పడేలా. వచ్చిన మెకానిక్ చేతిలో మొదట ఆ ఫోటో పెట్టండి. మీటరు తీయకుండానే సెన్సర్ మార్చాలంటే, ఒక్కసారి కొలిచి చూపించమని అడగండి.