పేరే తీగ: చిప్పు రూపకల్పనలో అనుసంధానాల భాష

శరీరనిర్మాణ శాస్త్రపు పటం రక్తనాళం ఎక్కడ ఉన్నదో చూపుతుంది. గుండెనొప్పితో రోగి వచ్చినప్పుడు వైద్యునికి కావలసిన ప్రశ్న వేరు: ఏ ధమని గుండెలో ఏ భాగానికి రక్తం అందిస్తున్నది? స్థానం ఒకటి, సంబంధం మరొకటి. ఎలక్ట్రానిక్ వలయాలలో స్థానాన్ని పక్కనపెట్టి సంబంధాలను మాత్రమే నమోదు చేసే పత్రాన్ని నెట్‌లిస్ట్ అంటారు.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లారెన్స్ నాగెల్, డొనాల్డ్ పెడర్సన్ 1973లో వెలువరించిన 'స్పైస్' ప్రోగ్రాము ఇందుకొక సరళమైన రూపాన్ని స్థిరపరచింది. అందులో ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క పంక్తి. 'ఆర్1 1 2 1కె' అంటే 1, 2 అనే కూడళ్ళ మధ్య ఒక కిలో ఓమ్ రెసిస్టర్ ఉన్నదని అర్థం. 'సి1 2 0 1యు' అంటే 2వ కూడలికి, భూమికి మధ్య ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్. సున్నా ఎప్పుడూ భూమియే. ఈ రెండు పంక్తులలో తీగ ప్రస్తావన ఎక్కడా లేదు. రెండింటిలోనూ '2' కనిపించడమే తీగ.

కోట్ల ట్రాన్సిస్టర్లను ఇలా చేతితో రాయడం అసాధ్యం. అందుకే 1980లలో వచ్చిన వెరిలాగ్, వి.హెచ్.డి.ఎల్. వంటి భాషలలో ఇంజనీరు వలయం చేయవలసిన పనిని వర్ణిస్తాడు. గేట్ల నెట్‌లిస్ట్‌ను మరొక ప్రోగ్రాము తయారు చేస్తుంది. అయినా మాడ్యూళ్ళను కలిపేవి పేర్లే. వెరిలాగ్‌లో అటువంటి చోట 'రీసెట్' అనే పేరులో ఒక అక్షరం తప్పితే, భాషా నియమం ప్రకారం అది దోషం కాదు. ఒక బిట్టు వెడల్పుగల కొత్త తీగ పుడుతుంది. దాని రెండవ కొస దేనికీ తగలదు. ఈ వెసులుబాటును రద్దుచేసే ఆదేశం ఒకటున్నది. జాగ్రత్తపరులు దానిని ఫైలు ఆరంభంలోనే రాసుకుంటారు.

తయారీకి పంపే ముందు, చిప్పు పటం నుండి మరొక నెట్‌లిస్ట్‌ను వెలికితీసి మూలంతో పోలుస్తారు. ఈ పరీక్షలో ప్రధానంగా చూసేది పేర్లను కాదు, సంబంధాల అల్లికను. అయితే మూలంలోనే తప్పుంటే పటంలోనూ అదే తప్పుంటుంది. రెండూ చక్కగా సరిపోతాయి. తప్పుగా రాసిన మందుచీటీ ప్రకారం మందు సరిగ్గా ఇచ్చినట్లే! తయారైన చిప్పులో ఆ లోపాన్ని సరిదిద్దాలంటే చాలాసార్లు కొత్త మాస్కులు చేయించవలసిందే.

కనుక పటం నెట్‌లిస్ట్‌తో సరిపోయిందా అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఆ నెట్‌లిస్ట్ మన ఉద్దేశంతో సరిపోయిందా అన్నది వేరే ప్రశ్న. దానికి వేరే పరీక్షలు కావాలి.