వీడియోలోంచి ఒక్క బొమ్మ

పెళ్లి వీడియోని ఏడో సెకను దగ్గర ఆపి, తాళి కట్టే క్షణాన్ని ఫొటోగా తీయమంటాం. కొన్ని యాప్‌లు ఇచ్చే బొమ్మలో తాళి ఇంకా పళ్లెంలోనే ఉంటుంది. చాలాసార్లు దీనికి కారణం, ఏడో సెకను దగ్గర ఫైల్లో పూర్తి బొమ్మంటూ లేకపోవడమే.

1920×1080 సైజు ఫ్రేము ఒక్కదానిలో 20,73,600 చుక్కలుంటాయి. చుక్కకి 4 బైట్ల చొప్పున ఒక్క ఫ్రేమే 8 మెగాబైట్లు దాటుతుంది. సెకనుకి 30 ఫ్రేములంటే దాదాపు 250 మెగాబైట్లు. అలాగే దాచుకుంటూ పోతే 128 జీబీ ఫోన్ తొమ్మిది నిమిషాల్లోపే నిండిపోతుంది.

ఈ బరువు దించే గణితాన్ని నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు 1974 జనవరిలో ప్రచురించారు. పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. బొమ్మని చిన్న గళ్లుగా విడదీసి, కంటికి పెద్దగా ఆనని వివరాలని వదిలేసే వీలు దానివల్ల కలిగింది. 1993లో వచ్చిన ఎంపెగ్-1 ప్రమాణంలో ఇంకో పొదుపు చేరింది: అక్కడక్కడ ఒక ఫ్రేముని పూర్తిగా దాచి, మిగతావాటిలో మారినంత మేరకే రాసుకోవడం. 2003 నాటి హెచ్.264 కూడా ఈ బాటలోదే. పద్దు పుస్తకంలో ఒక వరుస పూర్తిగా రాసి, కింద డిటో గుర్తులు పెడుతూ మారిన అంకె మాత్రమే వేసినట్టన్నమాట. ఆ పూర్తి వరుసే కీఫ్రేము.

వీడియోలోంచి బొమ్మ తీసే సాధనం ఐఫోన్ యాప్‌లు రాసేవాళ్లకి 2010లో ఐఓఎస్ 4తో, ఆండ్రాయిడ్ వాళ్లకి 2011లో 2.3.3 వెర్షన్‌తో అందింది. ఒక వీడియోకి ఆరో సెకనులో ఒక కీఫ్రేము, తొమ్మిదిలో ఇంకొకటి ఉన్నాయనుకుందాం. ఏడో సెకను అడిగితే ఆండ్రాయిడ్ మామూలుగా దగ్గర్లో ఉన్న ఆరో సెకను బొమ్మ ఇచ్చేస్తుంది. ఏడే కావాలని పట్టుబడితే ఆరు నుంచి మొదలెట్టి 30 ఫ్రేములు వరసగా విప్పుకుంటూ రావాలి. ఐఫోన్‌లోనూ ముందువెనకల వెసులుబాటుని సున్నా చేస్తేగాని కచ్చితమైన క్షణం చేతికి రాదు.

చిక్కులు ఇంకా ఉన్నాయి. ఆండ్రాయిడ్‌కి సమయం మైక్రోసెకన్లలో చెప్పాలి. ఏడు సెకన్లంటే 70,00,000. మిల్లీసెకన్లనుకుని 7,000 ఇస్తే ఎప్పుడూ మొదటి బొమ్మే ప్రత్యక్షమవుతుంది. ఐఫోన్‌లో దిశ సరిచేయమని చెప్పకపోతే నిలువుగా తీసిన వీడియో బొమ్మ పక్కకి పడుకుంటుంది. సైజు సంగతీ చూసుకోవాలి: 320×180కి తగ్గించిన బొమ్మకి 230 కిలోబైట్లు చాలు. అలా తగ్గించి ఇవ్వమని నేరుగా అడిగే వీలు ఆండ్రాయిడ్ 8.1లో వచ్చింది.

గ్యాలరీలో వందల వీడియోలు గబగబా కనబడాలంటే కీఫ్రేమే సరైనది. మనిషి ఏరి కోరి ఎంచుకున్న క్షణానికి మాత్రం అది సరిపోదు. యాప్ రాసేవాళ్లు అక్కడ కాస్త ఆలస్యమైనా సరే, ఆ 30 ఫ్రేములూ విప్పాల్సిందే.