వార్తల్లో పదం: బీవీఐడీ

హ్యాంగర్‌లో మెకానిక్ చేతిలోంచి స్పానర్ జారి విమానం రెక్క మీద పడింది. అల్యూమినియం రెక్కయితే సొట్ట పడుతుంది, చూడగానే తెలుస్తుంది. కార్బన్ ఫైబర్ కాంపోజిట్ అయితే పైన నొక్కు ఆనవాలు కూడా సరిగా ఉండకపోవచ్చు. దెబ్బంతా లోపలే. దీన్నే ‘బేర్లీ విజిబుల్ ఇంపాక్ట్ డ్యామేజ్’ అంటారు, పొట్టిగా బీవీఐడీ. కంటికి ఆనీ ఆనని దెబ్బ అన్నమాట. బోయింగ్ 787 బరువులో దాదాపు సగం కాంపోజిట్లే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేరు.

కాంపోజిట్ పలక ఓ రకంగా పూతరేకే. పొర మీద పొర, మధ్యలో జిగురుగా రెసిన్. ఒక్కో పొరలో నారలు ఒక్కో దిక్కుగా ఉంటాయి. దెబ్బకు ముందు రెసిన్ చిట్లుతుంది. ఆ పగులు పొరల మధ్యకు పాకి వాటిని విడదీస్తుంది. అదే డీలామినేషన్. అలాంటి పలకను లాగితే అంతగా తేడా తెలియదు. నొక్కితే మాత్రం విడిపోయిన పలుచటి పొరలు దేనికది వంగి, పలక చాలా ముందే కూలుతుంది.

100 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. పొడవున్న పలకపై బరువు జారవిడిచి, తర్వాత నొక్కి చూడటం స్థిరపడిన పరీక్ష. ప్రతి డిజైన్‌కూ బోలెడన్ని పలకలు పగలగొట్టలేక కంప్యూటర్ మోడల్‌ను ఆశ్రయిస్తారు. నార, రెసిన్ ఎప్పుడు తెగుతాయో చెప్పడానికి 1980 నాటి హాషిన్ సూత్రాలు, పొరల మధ్య జిగురు ఎప్పుడు విడిపోతుందో లెక్కించడానికి కొహెసివ్ ఎలిమెంట్లు అనే మోడల్ భాగాలు వాడతారు. దెబ్బ పడేటప్పటి బలం గ్రాఫ్‌ను ప్రయోగంతో సరిపోల్చడం పెద్ద కష్టమేం కాదు. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో కనిపించే డీలామినేషన్ ఆకారాన్ని పొర పొరకూ రాబట్టడం దగ్గరే మోడల్ సత్తా తేలుతుంది.